పేరు పక్కన ఒక్క మాట

యాంకర్: నమస్కారం. ఈ రోజు చర్చ పాత ఫ్లెమిష్ చిత్రాల, అంటే నేటి బెల్జియం ప్రాంతపు చిత్రాల వేలం గురించి. మేడమ్, కేటలాగులో 17వ శతాబ్దపు చిత్రకారుడు రూబెన్స్ పేరు కనిపిస్తే ఆయనే వేశాడనుకోవచ్చా?

వేలం నిపుణురాలు: తొందరపడకండి. పేరుతో పాటు ఏం రాశారో చూడాలి. ఉత్త ‘రూబెన్స్’ అని ఉంటే ఆయన చేతి పనే అని సంస్థ నమ్ముతోంది. ‘స్టూడియో ఆఫ్’ అంటే ఆయన దగ్గర పనిచేసే సహాయకులు వేసింది. ‘సర్కిల్ ఆఫ్’ అంటే ఆ కాలంలోనే ఆయన ప్రభావంలో ఉన్న ఇంకెవరో. ‘ఆఫ్టర్’ అంటే నకలు. మెట్టు దిగేకొద్దీ ధరలో సున్నాలు రాలిపోతాయి.

యాంకర్: మెట్టు ఎక్కినవీ ఉంటాయా?

చరిత్రకారుడు: ఎందుకుండవు! ‘పసిపిల్లల ఊచకోత’నే తీసుకోండి, బైబిల్లో హేరోదు రాజు బెత్లెహేములో పసివాళ్లను చంపించే ఘట్టం. లీక్టెన్‌స్టైన్ రాజకుటుంబం దగ్గర ఉన్నప్పుడే అసలు పేరు జారిపోయింది. తర్వాత రూబెన్స్ సహాయకుడు యాన్ వాన్ డెన్ హూకె ఖాతాలో పడింది. 1920లో అమ్మేశారు. చివరికి ఆస్ట్రియాలో ఒక మఠానికి అరువుగా చేరింది. యజమానురాలికి అసలా బొమ్మంటేనే గిట్టదట! వేలం సంస్థ సోదబీస్ నిపుణుడు జార్జ్ గోర్డన్ దాన్ని లండన్ నేషనల్ గ్యాలరీలోని రూబెన్స్ బొమ్మ ‘శామ్సన్, డెలైలా’తో పోల్చి చూశారు. అదే చెయ్యి. 2002 జులైలో అంచనా 40 నుంచి 60 లక్షల పౌండ్లు, పలికింది దాదాపు 4.95 కోట్లు. ఇప్పుడు టొరంటోలో ఉంది.

యాంకర్: అంతా కంటిచూపు మీదేనా? మరి సైన్సు?

కన్సర్వేటర్ (పాత బొమ్మల సంరక్షణ నిపుణులు): నేను ముందు బొమ్మను వెనక్కి తిప్పుతాను సార్. అప్పట్లో ఎక్కువగా బాల్టిక్ ప్రాంతపు ఓక్ చెక్క మీద వేసేవారు. చెక్కలో ఏటా ఏర్పడే వలయాలు లెక్కపెడితే చెట్టు ఏ సంవత్సరానికి ముందు నరికి ఉండదో తెలుస్తుంది.

యాంకర్: అయితే రూబెన్స్ అని తేలిపోయినట్టే!

కన్సర్వేటర్: అదెలా? అదే చెక్క ఆయన శిష్యుడికీ దొరుకుతుంది కదా. కాదని చెప్పడానికే చెక్క బాగా పనికొస్తుంది. రూబెన్స్ ఊరు ఆంట్వెర్ప్‌లో చేసిన చెక్క పలకల వెనక కోట, రెండు చేతులున్న ఆ ఊరి ముద్ర కాల్చి వేసేవారు. ఇందాక సార్ చెప్పిన ‘శామ్సన్’ పలకను ఎప్పుడో పల్చగా చిత్రికపట్టి కొత్త చెక్కకు అతికించేశారు. ముద్ర ఉందో లేదో ఇక తెలియదు. తలచుకుంటే కడుపు మండుతుంది.

చరిత్రకారుడు: 1980లో నేషనల్ గ్యాలరీ కొన్న ఆ బొమ్మ కూడా రూబెన్స్‌ది కాదేమోనని అనుమానాలు వచ్చాయి లెండి. నాకైతే లేవు.

యాంకర్: అసలుదని తేలితే ఇక ధరకు తిరుగులేదా?

వేలం నిపుణురాలు: మరో ఫ్లెమిష్ చిత్రకారుడు చిన్న బ్రూగెల్ (అదే పేరున్న పెద్ద బ్రూగెల్ కొడుకు) సంగతి చూడండి. మంచులో ‘పిట్టల ఉచ్చు’ బొమ్మకు ఆయనవీ ఇతరులవీ కలిపి వందకు పైగా ప్రతులున్నాయి. అప్పుడు ఏ ప్రతి చెడకుండా ఉంది, ఎవరి చేతులు మారి వచ్చింది అన్నదే బేరం. ఇంకోవైపు, న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కొట్టంలో దొరికి, 600 డాలర్లకు అమ్ముడైన ఫ్లెమిష్ చిత్రకారుడు వాన్ డైక్ స్టడీ (పెద్ద బొమ్మకు ముందు వేసుకునే నమూనా) 2023లో సుమారు 31 లక్షల డాలర్లు పలికింది. వెనకంతా పిట్టల రెట్టే!

యాంకర్: ఇంటికెళ్లి అటక దులపాలి అయితే.

కన్సర్వేటర్: దులపండి గానీ, బొమ్మ దొరికితే మాత్రం తడిగుడ్డ పెట్టకండి సార్. వెనక్కి తిప్పి ఫోటో తీసి పంపండి.