నమ్మడం లేదు సరే, అడుగుతున్నామా?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట ఇంటి పనులు వదులుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ఈ మధ్య విశాఖలో ఎవరితో రాజకీయం మాట్లాడినా రెండో మాటకే సంభాషణ తెగిపోతోంది. "ఎవరొస్తే మనకేమిటండీ" అంటారు. ఫలానా వార్త చూశారా అంటే "ఏ పత్రికలో?" అని అడుగుతారు. పేరు చెప్పగానే అది ఏ పార్టీ పత్రికో లెక్క వేసుకుని, చదవకుండానే పక్కన పెడతారు. పత్రికల్లో డెస్కు మీద చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఈ మాట విన్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. అయినా జనాన్ని తప్పుపట్టలేను. ఈ అపనమ్మకం గాలిలోంచి పుట్టలేదు. మన ఊళ్లో దానికి తేదీలున్నాయి.

ఉక్కు కర్మాగారం సంగతే చూడండి. అది విశాఖకే కావాలన్న ఉద్యమం సాగుతుండగా 1966 నవంబరు 1న ఈ నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, మరుసటి ఏడాది శంకుస్థాపన చేశారు. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేసరికి 1992 వచ్చింది. మధ్యలో 21 ఏళ్లు. అరవైకి పైగా గ్రామాల వాళ్లు భూములిచ్చి కదిలిపోయారు. కర్మాగారానికి సొంత ఇనుప గనులు మాత్రం దక్కలేదు. గనులున్న కర్మాగారాలతో పోటీ పడమని, ముడి ఖనిజాన్ని బజారు ధరకు కొనుక్కోమని వదిలేశారు. ఆ తర్వాత నష్టాల లెక్క చెప్పి, 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూటికి నూరు శాతం వాటాల అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ సంగతి మనకు ఎలా తెలిసింది? వారం తర్వాత ఢిల్లీలో ఒక అధికారి ట్విటర్‌లో పెట్టిన నాలుగు ముక్కల వల్ల. ప్రాణాలిచ్చి సాధించుకున్న ఊరికి ముందుగా ఒక మాట చెప్పాలని ఎవరికీ తోచలేదు.

అంతకన్నా నన్ను కలచివేసింది 2023 ఏప్రిల్. కేంద్ర ఉక్కు శాఖ సహాయ మంత్రి ఇక్కడికి వచ్చి, ప్రైవేటీకరణ ఆలోచన ప్రస్తుతానికి లేదన్నారు. ఆ సాయంత్రం ఇది మా విజయమంటే మా విజయమని పార్టీలు చెప్పుకున్నాయి. మర్నాడే అదే మంత్రిత్వ శాఖ, అమ్మకం ప్రక్రియ ఆగలేదని లిఖితపూర్వకంగా ప్రకటించింది. ఒక్క రోజు! 2021 ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం శిబిరంలో రిలే దీక్షలు చేస్తున్న కార్మికుడు ఆ రెండు ప్రకటనల్లో దేన్ని నమ్మాలి?

2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. సంతోషించాం. కాని అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపులూ చూశాం. కార్మిక సంఘాల కోరిక ఒక్కటే: 2021 నాటి నిర్ణయాన్ని రద్దు చేసినట్టు కాగితం చూపించండి. మాట చాలు అని వాళ్లు ఎందుకు అనడం లేదో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

విశాఖకు రైల్వే జోన్ ప్రస్తావన విభజన చట్టంలో 2014లో వచ్చింది. ప్రకటన 2019లో, కార్యాలయానికి శంకుస్థాపన 2025లో. విశాఖే పరిపాలనా రాజధాని అంటూ 2020లో చట్టం చేశారు, 2021లో రద్దు చేశారు, రద్దు చేశాక కూడా వాగ్దానం చేస్తూనే వచ్చారు. ఈ జాబితా ఇక్కడితో ఆపుతాను, మీకు నాకన్నా బాగా తెలుసు.

ఇక పత్రికల సంగతి. ఇది నా ఇంటి సంగతి కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. 1974 ఆగస్టు 10న 'ఈనాడు' మొదలైంది ఈ ఊళ్లోనే. పక్క వీధిలో జరిగింది కూడా వార్తేనని, మండలంలో కుళాయి రాకపోతే అదీ అచ్చు కావాలని తెలుగు పత్రికలు నేర్చుకున్న కాలం అది. తర్వాత జిల్లా పేజీలు వచ్చాయి. వాటిని నింపిన మండల విలేకరికి మాత్రం చాలాచోట్ల జీతం లేదు. అచ్చయిన వార్త పొడవు కొలిచి లైన్ అకౌంట్ కింద ఇచ్చేది బస్సు ఖర్చులకు చాలదు. పైగా ప్రత్యేక సంచికలకు ప్రకటనలు తెమ్మని లక్ష్యాలు. ఉదయం సర్పంచి దగ్గర ప్రకటన అడిగిన మనిషి, సాయంత్రం అదే సర్పంచి పనుల మీద ఏమి రాయగలడు? ఆ విలేకరిని తిట్టి లాభం లేదు. అతణ్ణి అలా నిలబెట్టిన యాజమాన్యాలను అడగాలి.

2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు రాశారన్న ఆరోపణల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. అందులో ఒకరు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి. వాళ్లు పత్రికల పేర్లతో సహా నివేదిక ఇస్తే, 2010లో కౌన్సిల్ దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వెళ్లి, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే 2011లో అది జనానికి అందింది. ఊరందరి గుట్టు రాసే పత్రికల గుట్టును ఒక మామూలు దరఖాస్తు బయటికి తెచ్చింది.

ప్రభుత్వాలు ఊరికే కూర్చోలేదు. తప్పుడు వార్తల పేరుతో పత్రికల మీద కేసులు పెట్టే అధికారాన్ని అధికారులకు ఇస్తూ 2007లో 938వ నంబరు జీవో, 2019లో 2430వ నంబరు జీవో వచ్చాయి. 2021 ఆగస్టులో జీవోలను ఇంటర్నెట్‌లో పెట్టడమే మానేశారు. 2019లో ప్రభుత్వం మారాక కొన్ని వార్తా ఛానళ్లు కేబుల్‌లో మాయమయ్యాయి. 2024లో మారాక మరికొన్ని మాయమయ్యాయి. నచ్చని ఛానల్ ఆగినప్పుడు మనలో ఎంతమంది అది అన్యాయమన్నారు? ఇది మనల్ని మనం నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న.

అయితే, ఎవర్నీ నమ్మనని తలుపు వేసుకుంటే ఏమవుతుంది? 2020 మే 7 తెల్లవారుజాము మీరెవరూ మరచిపోలేదు. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాస్టిక్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ఆ రాత్రి మళ్లీ లీకైందన్న మాట ఫోన్లలో పాకింది. అధికారుల నుంచే పొంతన లేని మాటలు వచ్చాయి. పిల్లల్ని ఎత్తుకుని జనం చీకట్లో రోడ్ల మీదికి పరుగెత్తారు. నమ్మదగిన గొంతు ఒక్కటి లేనప్పుడు భయం ఏది చెబితే అదే వార్త.

అదే సంఘటనలో ఇంకో సంగతి కూడా ఉంది. కేంద్ర పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ కంపెనీయే 2019లో ప్రమాణపత్రం ఇచ్చింది. అంటే ప్రమాదానికి ఏడాది ముందే ఆ కాగితం ప్రభుత్వ దస్త్రాల్లో ఉంది. అధికారులు కదలలేదు. పత్రికలు పట్టుకోలేదు. చుట్టుపక్కల కాలనీల వాళ్లకు ఆ కాగితం ఉందనే తెలియదు. తర్వాత ఉన్నతస్థాయి కమిటీ నివేదికను బహిరంగపరచడం వల్లే కంపెనీ నిర్లక్ష్యంతో పాటు ఫ్యాక్టరీల శాఖ వైఫల్యం కూడా రికార్డుకెక్కింది. అందుకే అంటున్నాను, మన అపనమ్మకం నిట్టూర్పుగా మిగిలితే అధికారంలో ఉన్నవాళ్లకు అంతకు మించిన సుఖం లేదు. "అందరూ దొంగలే" అనే మనిషి ఏ ఒక్క దొంగనూ లెక్క అడగడు. నమ్మని మనిషి రుజువు అడగాలి.

మొదట మన నగరపాలక సంస్థను అడుగుదాం. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు ఇంత పెద్ద నగరాన్ని ప్రత్యేకాధికారులు నడిపారు. గెలిచిన కార్పొరేటర్లలో కొందరు తర్వాత పార్టీలు మారారు, 2025 ఏప్రిల్లో అవిశ్వాస తీర్మానంతో మేయర్ దిగిపోయారు. ఓటరును ఎవరూ సంప్రదించలేదు. మూడు లక్షలు దాటిన జనాభా ఉన్న నగరంలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో, ఎప్పుడు సమావేశమయ్యారో మీలో ఎంతమందికి తెలుసు?

2005 నాటి సమాచార హక్కు చట్టం ఇంకా మన చేతిలో ఉంది. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం దాని 8వ సెక్షన్‌కు కోత పెట్టింది. వ్యక్తిగత సమాచారమైనా విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాటను ఆ నిబంధన నుంచి తీసేసింది. రేపు ఇంకేమి తీస్తారో తెలియదు కాబట్టి ఇప్పుడే వాడాలి.

వెనక బల్ల మీద తెల్లకాగితాలు పెట్టించాను. దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు. నగరపాలక సంస్థకైతే రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. కారణం చెప్పనక్కరలేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి అప్పీలు చేయాలి. మీ వార్డు కమిటీ సమావేశాల మినిట్స్, మీ వార్డులో నిరుటి పనుల బిల్లులు, మీ ఇంటికి దగ్గరలో ఉన్న ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రం, వీటిలో ఏదో ఒకటి అడగండి. రాయడంలో ఇబ్బంది ఉన్నవారి పక్కన నేను కూర్చుంటాను.