చెరువుకట్ట నుంచి ప్రజావాణి దాకా: ఒక కాలనీ సేవా సంఘం ఎలా పని చేస్తుంది?

[దృశ్యం: తెల్లవారుజాము. చెరువు ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో పదిమంది. గుర్రపుడెక్క మోపులు ఒక్కొక్కటిగా కట్ట మీదికి చేరుతుంటాయి.]

నమస్కారం. మీరు చూస్తున్నది హనుమకొండలో మా కాలనీని ఆనుకొని ఉన్న ఒక చిన్న చెరువు. నీళ్లలో దిగి గుర్రపుడెక్క గుంజుతున్న వాళ్లలో ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు, ఒక కిరాణా దుకాణదారు, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు ఉన్నారు. వీళ్లంతా మా సేవా సంఘం సభ్యులు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యే సరికి ఆడబిడ్డలు నిలబడే మెట్లు శుభ్రంగా ఉండాలనే ఒకే ఒక్క కోరికతో ఈ పని మొదలైంది. ఆ కోరిక వెంట నడుస్తూ పోతే మేము కార్యాలయాలకు, చట్టాలకు, పటాలకు, ఓటర్ల జాబితాకు కూడా చేరుకున్నాము. ఒక సేవా సంఘం తన చేతులతో ఏం చేయగలదో, ఎక్కడి నుంచి ప్రభుత్వ యంత్రాంగాన్ని కదిలించవలసి వస్తుందో ఈ చెరువునే ఉదాహరణగా తీసుకొని ఈ వీడియోలో వివరిస్తాను.

[దృశ్యం: అరచేతిలో ఒక గుర్రపుడెక్క మొక్క, బాగా దగ్గరగా.]

ముందుగా ఈ మొక్కను చూడండి. దీని కాడ ఉబ్బి స్పంజిలా ఉంటుంది, వేళ్లతో నొక్కితే లోపలి గాలి బుస్సుమని బయటికి వస్తుంది, ఆ గాలి బలంతోనే ఇది నీటి మీద తేలుతుంది. కింద నల్లని వేర్ల కుచ్చు వేలాడుతుంటుంది. పక్కకు సాగిన ఈ సన్నని తీగ చివర ఇంకో పిల్ల మొక్క కనిపిస్తోంది కదా, అది తెగి విడిపోతే అదే మరో మొక్క అవుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనుకూలమైన నీళ్లు దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. దీని గింజలు చెరువు అడుగు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఇది నీటిని కప్పేసినప్పుడు వెలుతురు లోపలికి పోదు, నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలు చస్తాయి.

మొదటి ఏడాది మేము మూడు ఆదివారాలు కష్టపడి మెట్ల ముందున్న నీటినంతా తేటపరిచి, లాగిన మోపులను ఒడ్డు మీదనే కుప్పలు పోసి, సంతోషంగా ఇళ్లకు వెళ్లిపోయాము. ఆ వారం కురిసిన వానకు ఒడ్డున ఉన్న కుప్పల్లో సగం తిరిగి నీళ్లలోకి జారిపోయాయి. అది పూర్తిగా మా తప్పు. అప్పుడు ఇదే చెరువులో తెప్ప మీద తిరుగుతూ చేపలు పట్టే ఒక పెద్దాయన మమ్మల్ని పిలిచి, "గాలి ఏ ఒడ్డుకు కొడితే ఆ ఒడ్డు కాడ నిలవడి గుంజాలె బిడ్డా, ఎదురు పోతే మీ చేతులే పోతయి. గుంజింది కట్ట అవుతల వెయ్యాలె" అని చెప్పాడు. గాలి తానే మొక్కలను ఒడ్డుకు తోసి పెడుతుందన్న చిన్న విషయం మాలో చదువుకున్న వాళ్లెవ్వరికీ తట్టలేదు. సేవ చేయడానికి వెళ్లేవాళ్లు ఆ చోటును నమ్ముకొని బతుకుతున్న వాళ్లను ముందుగా అడగాలని మా సంఘం నియమంగా పెట్టుకున్నది ఆ రోజు నుంచే. ఇప్పుడు లాగినదంతా కట్ట అవతలి వైపు ఎండబెట్టి, ఎండినదాన్ని ఎరువు గుంతలకు పంపుతున్నాము.

అయినా మొక్క మళ్లీ వచ్చింది. ఎందుకంటే దానికి కావలసిన తిండి రోజూ అందుతూనే ఉంది.

[దృశ్యం: ఇళ్ల వెనుక నుంచి వచ్చి చెరువులో కలుస్తున్న మురుగుకాలువ.]

మురుగునీటిలో ఉండే నత్రజని, భాస్వరం ఈ మొక్కకు ఎరువులాంటివి. పైన ఎంత లాగినా, ఈ కాలువ చెరువులోకి పారుతున్నంత కాలం మా ఆదివారాలు చాలవు. కాలువను మళ్లించడం స్వచ్ఛంద సేవకుల చేతిలో ఉన్న పని కాదు.

ఇక్కడ ఓరుగల్లు చెరువుల గురించి కొంత చెప్పుకోవాలి. కాకతీయుల కాలంలో ఈ ప్రాంతంలో రామప్ప, పాకాల, లక్నవరం వంటి పెద్ద చెరువులతో పాటు ఊరూరా చిన్న చెరువులను, కుంటలను తవ్వించారు. వాటిలో చాలా వరకు గొలుసుకట్టుగా ఉంటాయి, అంటే పై చెరువు నిండి మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే అలుగు) దుంకితే ఆ నీళ్లు వాగు వెంట కింది చెరువుకు చేరుతాయి, అది నిండితే మరోదానికి పోతాయి. ఈ గొలుసులో ఒక్క కాలువ పూడిపోయినా, దాని మీద గోడ లేచినా, నీళ్లు తమ పాత దారిని వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు కూడా నీట మునిగాయి. అంతటి వానను ఏ చెరువూ పూర్తిగా ఆపలేదన్నది నిజమే, కానీ మత్తడి కింద దారి తెరిచి ఉన్న చోటికీ, మూసుకుపోయిన చోటికీ ఎంత తేడా ఉంటుందో ఆ రాత్రి మేల్కొని ఉన్న వాళ్లందరికీ తెలుసు. అందుకే చెరువును కాపాడడాన్ని నేను అందం కోసం చేసే పనిగా ఎన్నడూ అనుకోను.

[దృశ్యం: బల్ల మీద ఒక పటం, ఒక దరఖాస్తు, పక్కన రసీదు.]

ఇప్పుడు దరఖాస్తు సంగతికి వద్దాము. మేము మొదట రాసిన దరఖాస్తులో "చెరువును శుభ్రం చేయించగలరు" అని మాత్రమే ఉంది. దానికి ఏ జవాబూ రాలేదు, ఇప్పుడు ఆలోచిస్తే రావడానికి అందులో ఏమీ లేదనే అనిపిస్తుంది. ఒకే చెరువులో నీరు, కట్ట, తూము నీటిపారుదల శాఖ చూసే విషయాలు, శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, హద్దులు రెవెన్యూ శాఖకు సంబంధించినవి, నగరంలో మురుగుకాలువల బాధ్యత బల్దియాది, అంటే నగరపాలక సంస్థది. ఎవరిని ఏమి అడుగుతున్నామో తెలియని కాగితం ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతూనే ఉంటుంది.

రెండోసారి మేము సమాచార హక్కు చట్టం, 2005 కింద ₹10 రుసుముతో దరఖాస్తు పెట్టి, చెరువు పూర్తి నీటిమట్టం (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే గీత) హద్దులు చూపే పటాన్ని అడిగాము. ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు చేసుకోవచ్చు. నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. పటం చేతికి వచ్చాక టేపు పట్టుకొని కొలిచాము. మురుగుకాలువ ఏ ఇంటి నంబరు వెనుక నుంచి వచ్చి ఎక్కడ కలుస్తోందో రాసి, తేదీ కనిపించే ఫోటోలు జతచేసి, ఆ కాలువను మళ్లించాలనే ఒకే ఒక్క కోరికతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చాము. రసీదు తీసుకున్నాము. ఆ రసీదు నంబరుతో మళ్లీ మళ్లీ వెళ్లాము. ఇంజనీరు వచ్చి కాలువ వెంట మాతో నడిచిన రోజున మాకు కలిగిన ఆనందం, చెరువు మొత్తం శుభ్రమైన రోజున కూడా కలగదేమో.

ఇలా అడగాలంటే సంఘానికి ఒక రూపం ఉండాలి. తెలంగాణలో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కలిసి సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. అంతకుముందు ఈ ప్రాంతంలో 1350 ఫసలీ (నిజాం పాలనలో వాడిన సంవత్సరాల లెక్క) నాటి చట్టం అమల్లో ఉండేది, మా ఉపాధ్యాయుడు పాత సంఘాల కాగితాల మీద ఆ ఫసలీ సంవత్సరాన్ని చూపించి మురిసిపోతుంటారు. నమోదు కన్నా ముఖ్యమైనది లెక్క. మా కోశాధికారి ప్రతి నెలా వచ్చిన చందాను, అయిన ఖర్చును సమావేశం జరిగే గది గోడ మీది నల్లబల్ల మీద రాస్తాడు, చేతితొడుగులకు ఎంత అయిందో, చాయ్‌కి ఎంత అయిందో కూడా అందులో ఉంటుంది.

[దృశ్యం: ఒక ఫోన్ తెరపై రక్తదాతల జాబితా. పేర్లు కనిపించవు.]

చెరువు పనితో పాటు మా సంఘం రక్తదానం కూడా చూస్తుంది. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది: ఏడాదికి ఒకసారి పెద్ద శిబిరం పెట్టి ఊరుకోవడం కన్నా, ఏడాది పొడుగునా పిలిస్తే వచ్చే దాతల జాబితా ఉంచుకోవడం మేలు. వానలు తగ్గగానే డెంగీ మొదలవుతుంది, అప్పుడు ప్లేట్‌లెట్లు అవసరం పడతాయి. అవి ఐదు రోజులకు మించి నిలవ ఉండవు కాబట్టి జనవరిలో ఇచ్చిన రక్తం సెప్టెంబరులో ఆ అక్కరకు రాదు. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త వ్యాధి ఉన్న పిల్లలకు కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, ఎండాకాలంలో కాలేజీలు మూతపడి దాతలు తగ్గినా వాళ్ల అవసరం మాత్రం తగ్గదు. 18 నుంచి 65 ఏళ్ల లోపు వారు, కనీసం 45 కిలోల బరువుండి, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. అందుకే మా జాబితాలో ప్రతి ఒక్కరి పేరు పక్కన చివరిసారి ఇచ్చిన తేదీ రాసి ఉంటుంది.

ఓటరు నమోదు గురించి రెండు మాటలు. ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాకుండా ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా అర్హత తేదీలు, అంటే ఆ తేదీకి 18 ఏళ్లు నిండాయా అని చూస్తారు. 18 ఏళ్లు నిండిన పిల్లలకు ఫారం 6, ఇల్లు మారిన వాళ్లకు ఫారం 8 నింపడంలో మా విద్యార్థులు సాయం చేస్తారు. ఎవరికి ఓటు వేయాలన్న మాట ఫారాలు నింపే బల్ల దగ్గర ఎవ్వరూ ఎత్తకూడదు. తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రతి వార్డుకు యువజన, మహిళా, వయోవృద్ధుల, ప్రముఖ పౌరుల పేరుతో నాలుగు కమిటీలను నిర్దేశించింది. మీ వార్డులో అందులో ఎవరున్నారో కనుక్కోండి, మీ దరఖాస్తు ప్రతిని వాళ్లకు కూడా ఇవ్వండి.

[దృశ్యం: సద్దుల బతుకమ్మ సాయంత్రం. తంగేడు, గునుగు పూల బతుకమ్మలు నీటి మీద కదులుతుంటాయి.]

ఇది సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం. మెట్లు తేటగా ఉన్నాయి. మెట్లకు కుడివైపు కొద్ది దూరంలో నీటి అంచున ఆకుపచ్చగా కనిపిస్తున్నది మళ్లీ మొలిచిన గుర్రపుడెక్కే. కాలువ మళ్లింపు పని సగం దాకా వచ్చి ఆగింది. వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు మేము కట్ట మీద ఉంటాము, పాత బట్టలు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తెచ్చుకుంటే చాలు. ఆ మరునాడు సోమవారం. రసీదు పట్టుకొని ప్రజావాణికి వెళ్లే వంతు ఈసారి కిరాణా దుకాణదారుదీ నాదీ.