తాడు దాటి మైదానంలోకి
(అబర్డీన్‌లో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగం)

వేదికపై ఉన్న పెద్దలకు, తెల్లవారుజామునే లేచి పచ్చడి చేసి తెచ్చిన తల్లులకు, పిల్లలకు నమస్కారం. "ప్రవాసంలో మన పండుగలు" అన్న అంశం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలోనే నలుగురైదుగురు ఉన్నారు. కాబట్టి వారి అనుమతితో, మనం ఇళ్ళు కొనుక్కుని స్థిరపడిన ఈ డీ, డాన్ నదుల లోయలకు పండుగలైన హైలాండ్ క్రీడల గురించి, అంటే స్కాట్లాండ్ కొండసీమ సంప్రదాయ ఆటల గురించి, చాలాకాలంగా మనసులో మెదులుతున్న మాట ఒకటి చెప్పుకుంటాను.

ఆగస్టు మొదటి శనివారం అబోయిన్‌లో, రెండో గురువారం బాలటర్‌లో, నాలుగో శనివారం స్ట్రాత్‌డాన్ దగ్గరి లోనాక్‌లో, సెప్టెంబరు మొదటి శనివారం బ్రేమార్‌లో ఈ ఉత్సవాలు జరుగుతాయి. ఏ ఊరికైనా మనకు సుమారు గంటన్నర ప్రయాణమే. మనలో చాలామంది వెళ్తున్నారు కూడా. పచ్చిక మీద దుప్పటి పరిచి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని, బ్యాగ్‌పైపులు మోగినప్పుడు ఫోను ఎత్తి వీడియో తీసుకుని, సాయంత్రానికి ఇంటికి చేరుతున్నారు. నేనూ ఏడేళ్ళు అలాగే వెళ్ళి వచ్చాను. నా బాధంతా మైదానం చుట్టూ కట్టిన ఆ తాడు గురించే. మనం తాడుకు ఇవతలే ఉండిపోతున్నాం.

మూడేళ్ళ కిందట, ఈసారి పోటీలో దిగుతున్నానని ఒక మిత్రుడితో అన్నాను. "మనకెందుకండీ, అది వాళ్ళ ఆట" అన్నారాయన. మంచి మనసుతోనే అన్నారు, నాకు దెబ్బ తగులుతుందేమోనన్న బెంగతో అన్నారు. అయినా ఆ "మనకెందుకు" అన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

నేను దిగింది ఒక చిన్న ఊరి క్రీడల్లో, కొత్తవారి కోసం పెట్టిన విభాగంలో. ముందు ఇరవై ఎనిమిది పౌండ్ల తూకాన్ని దూరం విసరాలి. మన లెక్కలో 12.7 కిలోల ఇనుప దిమ్మ, దానికి గొలుసు, గొలుసు చివర కడియం. కడియాన్ని ఒంటిచేత్తో పట్టుకుని, రెండు చుట్లు తిరిగి వదలాలి. ఆరితేరినవారు దీనితోపాటు యాభై ఆరు పౌండ్లదీ విసురుతారు. సుత్తి విసరడం మరో విద్య. పొడవైన కర్రకు గుండు బిగించిన 16 పౌండ్ల, 22 పౌండ్ల సుత్తులను, బూట్ల ముందు పొడుచుకొచ్చిన ఇనుప పలకలను నేలలో దించి, పాదాలు కదలకుండా నిలబడి, తల చుట్టూ తిప్పి వదులుతారు. అందరూ కిల్ట్, అంటే ఇక్కడి మగవారు నడుముకు చుట్టుకునే గళ్ళ వస్త్రం, కట్టే ఆడాలి, అది నియమం. నేనూ కట్టాను. మా నాన్నగారు పొలంలో పంచె బిగించి కట్టినప్పటిలాగే నడుము గట్టిగా ఉన్నట్టు అనిపించింది.

కేబర్, అంటే పొడవాటి దుంగను ఎత్తి వేసే ఆట గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే దాన్ని చూసేవారిలో పదిమందికి తొమ్మిది మంది ఎవరు ఎక్కువ దూరం విసిరితే వారు గెలిచినట్టు అనుకుంటారు. దూరంతో దానికి పనే లేదు. ఒక్కో ఊరికి ఒక్కో దుంగ ఉంటుంది. పెద్దవి దాదాపు ఆరు మీటర్ల పొడవు, ఎనభై కిలోల బరువు ఉంటాయి. దాన్ని నిలువుగా పైకెత్తి, పరుగెత్తి, బరువైన పై కొస నేలకు తగిలేటట్టు, చేతిలో ఉన్న సన్న కొస గాలిలో గిరుక్కున తిరిగి అవతలికి పడేటట్టు వెయ్యాలి. గడియారంలో పన్నెండు గంటల ముల్లులా, పరుగెత్తిన దిశలోనే తిన్నగా పడితే అది పూర్తి వేటు. ఒక దుంగను ఎవరూ తిప్పలేకపోతే కొస కాస్త కోసి మళ్ళీ ప్రయత్నించే ఆనవాయితీ ఉంది.

నా వంతు వచ్చింది. ఇద్దరు మనుషులు దుంగను నిలబెట్టి నా భుజానికి ఆనించారు. మోకాళ్ళ మీదికి వంగి, వేళ్ళు అల్లుకుని అరచేతులు కింది కొస కిందికి పోనిచ్చాను. బెరడు తీసిన కొయ్య చల్లగా, నున్నగా మెడకు తగులుతోంది. లేచిన మరుక్షణమే పై కొస ఎడమకు వాలింది, దుంగ నా చేతుల్లోంచి జారి పచ్చికలో పడింది. రెండోసారీ అంతే. అప్పుడు అరవై దాటిన ఒక పెద్దాయన, తెల్లటి గడ్డం, చెయ్యంతా బంక, నా దగ్గరికి వచ్చి, "చేతుల వంక చూస్తున్నావు బాబూ, పై కొస వంక చూడు. అది ముందుకు వాలబోతోందని తెలియగానే ఆగు, లాగు" అన్నారు. ఆయన నాతో అదే విభాగంలో పోటీ పడుతున్న మనిషి! మూడోసారి పై కొసనే చూశాను. నాలుగడుగులు వేశాను. దుంగ నిలువుగా లేచి, ఒక క్షణం నిలబడి, నావైపే పడింది. తిరగలేదు. అయినా తాడు అవతల ఉన్న జనమంతా చప్పట్లు కొట్టారు. వ్యాఖ్యాత నా పేరు ఎలా పలకాలో ముందే మూడుసార్లు అడిగి తెలుసుకుని, "సూర్యనారాయణ" అని ఒక్క అక్షరం పొల్లుపోకుండా పిలిచారు. పదకొండు మందిలో నాది తొమ్మిదో స్థానం.

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న. డీ నది మీది పొటార్క్ వంతెన మీదుగా వెళ్ళినవారు ఎందరు? చేతులు ఎత్తండి. చాలామందే ఉన్నారు. అక్కడ ఇనుప కడియాలున్న రెండు రాళ్ళున్నాయి, వాటిని చూశారా? డోనాల్డ్ డిన్నీ అనే ఆయన 1837లో అబోయిన్ దగ్గర పుట్టారు. తండ్రి రాతిపని చేసేవారు. వంతెన మరమ్మతు పనుల్లో వాడిన ఆ రాళ్ళను 1860లో డోనాల్డ్ చెరొక చేత్తో పట్టుకుని వంతెన అడ్డంగా నడిచారని చెబుతారు. రెండూ కలిపి 733 పౌండ్లు, అంటే 332 కిలోల పైమాటే. ఆ రాళ్ళ ముందు నిలబడినప్పుడు నాకు అనంతపురం జిల్లాలో మా ఊరి రచ్చబండ గుర్తుకొచ్చింది. ఉగాదినాడు అక్కడ గుండు ఎత్తేవారు. గుండు భుజం దాటితే ఊరంతా ఈల వేసేది. మా పెదనాన్న ఎత్తారు, మా నాన్న ఎత్తలేకపోయారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారి కథలు మనకు చిన్నప్పుడు చెప్పినవారెవరూ అది ఎవరి ఆట అని అడగలేదు.

ఈ ఆటలు వాటంతట అవే నిలబడలేదన్న సంగతి కూడా మనం తెలుసుకోవాలి. 1746లో తిరుగుబాటుదారులు ప్రభుత్వ సేనల చేతిలో ఓడిన కలోడెన్ యుద్ధం తర్వాత హైలాండ్ వేషధారణను చట్టంతో నిషేధించారు, 1782 వరకు ఆ నిషేధం ఉంది. విక్టోరియా రాణి 1848లో బ్రేమార్ వేడుకకు వచ్చిన తర్వాత వీటికి దేశమంతటా పేరొచ్చింది. కానీ రాణి రాని ఊళ్ళలో వీటిని నడిపింది ఎవరు? కసాయి, బడిపంతులు, రైతు, పోస్టుమ్యాన్. ఈనాటికీ చాలా ఊళ్ళలో ముగ్గు గీతలు గీసేది, కుర్చీలు సర్దేది, టిక్కెట్లు చించేది ఆ ఊరివారే. లోనాక్‌లో పొద్దున్నే బల్లేలు పట్టుకుని లోయంతా కవాతు చేసే మగవారి వెనుక, నడవలేనివారి కోసం ఒక గుర్రపు బండి వెళ్తుంది. అది చూసినప్పుడల్లా, ఈ జనం ఒకరినొకరు వెనక వదిలిపెట్టరని నాకు అర్థమవుతుంది.

తల్లులారా, తండ్రులారా, మీ పిల్లలు ఈ నేల మీదే పుట్టారు. చాలాచోట్ల పిల్లలకు పరుగు పందాలు ఉంటాయి, అక్కడికక్కడే పేరు ఇచ్చి దిగవచ్చు. కొండ పరుగు ఉంది, తాడు లాగుడు ఉంది. తాడు లాగడానికి ఎనిమిది మంది కావాలి, ఈ గదిలోనే మూడు జట్లకు సరిపడా బలం ఉంది. కిందటి ఏడాది మా అమ్మాయి ఎనభై గజాల పరుగులో దిగి ఆఖరున వచ్చింది. ఆ రాత్రి ఆ పందెం నంబరు చీటీని తలగడ కింద పెట్టుకుని పడుకుంది.

భోజనాలు వడ్డించేలోపు ఇంకొక్క మాట. నా కారు డిక్కీలో ఇరవై ఎనిమిది పౌండ్ల తూకం ఉంది. వెనుక ఉన్న పచ్చిక వాడుకోవడానికి హాలు వారిని అడిగి అనుమతి తీసుకున్నాను. చూస్తామంటే కుదరదు, వచ్చినవారు ఒక్కసారైనా పట్టుకోవాలి. గొలుసు తడిగా ఉంటుంది, పిల్లలను కాస్త దూరంగా ఉంచండి. నేను తలుపు దగ్గర ఉంటాను.