పిన్ను మాత్రం ఊడదీయకండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు చదివారు, నాలుగోసారి నేను చదవను. భోజనాలయ్యాక నా చేతికి మైకు ఇచ్చారు. పులిహోర, గుత్తొంకాయ తిన్నవాళ్ళకి కోర్టు కాగితాల గురించి చెప్పమన్నారు. మధ్యలో ఎవరికైనా కునుకు పడితే ఆ పాపం నాది కాదు, వంటవాళ్ళది.

ముందు నా ఫిర్యాదొకటి వినండి. ‘విడాకుల కాగితాలు కోర్టు నుంచి తెచ్చుకోవడం ఎలా’ అని శీర్షిక రాసి పంపాను. ఫ్లయర్ చూస్తే ‘ముఖ్యమైన పత్రాలు, భద్రత’ అని వేశారు. పక్కన మామిడాకులు పెట్టిన కలశం బొమ్మ. ఫోన్ చేసి అడిగితే కార్యదర్శి తమ్ముడు, ‘అక్కా, ఉగాది పూట ఆ మాట బాగుండదని తీసేశాం’ అన్నాడు. మంచివాడే, అదిగో అక్కడ తల దించుకుని నవ్వుతున్నాడు. పచ్చడిలో వేపపువ్వు వేశారా లేదా నాయనా? వేశారు కదా. మరి ఫ్లయర్ మీద ఆ ఒక్క మాటకేనా చోటు లేనిది?

సరే. ఈ హాల్లో విడాకులు తీసుకున్నవాళ్ళు చేతులెత్తండి. నాది ఒక్కటే లేచింది. పోనీ, ‘మా ఫ్రెండ్ కోసం అడుగుతున్నాను’ అనేవాళ్ళు? చూశారా, ఎన్ని చేతులో! మీ ఫ్రెండ్సుకి చెప్పండి, నేను మాట్లాడేది వాళ్ళ కోసమే.

నాకు 1997లో ఇక్కడే, టెక్సాస్‌లో విడాకులయ్యాయి. జడ్జి సంతకం పెట్టిన డిక్రీ, అంటే విడాకుల తీర్పు కాగితం, 22 పేజీలు. లాయరు దాన్ని కవర్లో పెట్టి ఇచ్చింది. దాన్ని నేనేం చేశానో తెలుసా? ఇల్లు మారేటప్పుడు పాత కరెంటు బిల్లులతో కలిపి చెత్తలో పారేశాను. ఇంకోసారి దాని మొహం చూడక్కర్లేదు అనుకున్నాను. ఎందుకు పారేశావని ఇప్పుడు నన్నడక్కండి. అప్పుడు నాకు అలా అనిపించింది, అంతే.

2011లో మా నాన్న పోయారు. తెనాలిలో ఇల్లు. నాన్న వీలునామా రాసింది 1993లో. అందులో నా పేరు పక్కన అత్తింటి ఇంటిపేరు ఉంది. విడాకుల తర్వాత నేను మళ్ళీ పుట్టింటి ఇంటిపేరు పెట్టుకున్నాను, పాస్‌పోర్టు కూడా ఆ పేరుతోనే ఉంది. ఇల్లు కొనేవాళ్ళ లాయరుగారు వీలునామా ఒక చేత్తో, నా పాస్‌పోర్టు ఒక చేత్తో పట్టుకుని, ‘ఇందులో ఉన్నావిడా, మీరూ ఒకరేనని రుజువేమిటమ్మా?’ అన్నారు. నా చిన్నప్పటి నుంచీ చూసిన మనిషే. మా పెళ్ళి భోజనం తిన్న మనిషే. అయినా ఆయన అడిగింది న్యాయమే. నా పాత పేరు నాకు తిరిగి వచ్చిందని రాసి ఉన్న కాగితం ఈ భూమ్మీద ఒకటే ఉంది. అది డిక్రీ. నేను పారేసింది.

తిరిగొచ్చి వెతకడం మొదలుపెట్టాను. నేను చేసిన తప్పులు వరసగా చెప్తాను, మీకు ఆ తిప్పలు తప్పుతాయి.

మొదటి తప్పు, డల్లాస్ కౌంటీలో అడిగాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అప్పట్లో మా అపార్ట్‌మెంటు అడ్రసులో ఊరు పేరు డల్లాస్ అనే ఉండేది. కానీ డల్లాస్ ఊరు ఒక్క డల్లాస్ కౌంటీలోనే లేదమ్మా. ఉత్తరాన కొంత ముక్క కాలిన్ కౌంటీలోకి వెళ్ళిపోయింది. రిచర్డ్‌సన్ రెండు కౌంటీల్లో ఉంది. ఫ్రిస్కో కొంత కాలిన్, కొంత డెంటన్. రోడ్డుకి ఇవతల కూరగాయలు కొంటే ఒక కౌంటీ, అవతల పెట్రోలు కొట్టిస్తే ఇంకో కౌంటీ. టెక్సాస్‌లో ఇలాంటివి 254 ఉన్నాయి. విడాకుల ఫైలు కేసు ఏ కౌంటీలో వేశారో అక్కడే ఉంటుంది. మీరు ఇప్పుడు ఎక్కడుంటున్నారు, పెళ్ళి ఎక్కడైంది అనేది దానికి అనవసరం.

రెండో తప్పు, వెళ్ళిన చోట తప్పు కిటికీ దగ్గర నిలబడ్డాను. పెళ్ళి లైసెన్సు ఇచ్చేది కౌంటీ క్లర్కు. విడాకుల ఫైలు దాచేది డిస్ట్రిక్ట్ క్లర్కు. కౌంటీ క్లర్కు వరసలో ముప్పావుగంట నిలబడ్డాను. నా ముందు ఒక జంట, పాతికేళ్ళుండవు, లైసెన్సు కోసం వచ్చారు, చేతులు పట్టుకుని. ‘మీరూ పెళ్ళికేనా?’ అని ఆ అమ్మాయి నన్ను అడిగింది. ‘కాదమ్మా, నేను రెండో సగం పని మీద వచ్చాను’ అన్నాను. పాపం, నవ్వాలో వద్దో తెలియలేదు దానికి.

మూడో తప్పు ఆస్టిన్‌కి రాయడం. అక్కడ రాష్ట్రం వాళ్ళ వైటల్ స్టాటిస్టిక్స్ ఆఫీసుంది, పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు, విడాకుల లెక్కలు ఉండే చోటు, డబ్బు కడితే ఉత్తరం వస్తుందని ఎవరో చెప్పారు. 20 డాలర్లు. ఉత్తరమూ వచ్చింది. అందులో భార్యాభర్తల పేర్లు, తేదీ, కౌంటీ. అంతే. దాని పేరు వెరిఫికేషన్ లెటరు. 1968 నుంచి రాష్ట్రంలో జరిగిన విడాకులకి అది ఇస్తారు, కానీ అది డిక్రీ కాదు, డిక్రీకి బదులుగా పనికిరాదు. పేరు మార్పు సంగతి, పిల్లల సంగతి, ఇంటి సంగతి, ఒక్క ముక్క కూడా అందులో ఉండదు. అయితే డబ్బు దండగ కాలేదు. కౌంటీ పేరు దగ్గర కాలిన్ అని కనిపించింది. అందుకని కౌంటీ ఏదో మర్చిపోయినవాళ్ళకి అదొక దారి.

అప్పుడు కాలిన్ కౌంటీ ఆఫీసులుండే మెకిన్నీ వెళ్ళాను. డిస్ట్రిక్ట్ క్లర్కు కిటికీ. ‘కాజ్ నంబరు చెప్పండి’ అంది అక్కడి పిల్ల. ఇక్కడ కేసు నంబరుని అలాగే అంటారు. నాకేమో తాపేశ్వరం కాజా తప్ప ఏమీ తట్టలేదు. నంబరు లేకపోయినా పర్వాలేదు, ఇద్దరి పేర్లు, సుమారు సంవత్సరం చెప్తే వెతుకుతారు. పది నిమిషాల్లో దొరికింది. ‘ప్లెయినా, సర్టిఫైడా?’ అని అడిగింది. ఈ ప్రశ్న జాగ్రత్తగా వినండి, ఇక్కడే చాలామంది అయిదు డాలర్లు మిగుల్చుకోబోయి వెయ్యి డాలర్ల పని చెడగొట్టుకుంటారు. ప్లెయిన్ కాపీ మీరు చదువుకోడానికి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో దించుకున్నది కూడా అంతే. సర్టిఫైడ్ కాపీ అంటే, ఇది మా దగ్గరున్న అసలుకి నిజమైన నకలు అని క్లర్కు పూచీ పడటం. పేజీకి డాలరు, పూచీకి విడిగా కొంచెం. మొత్తం ముప్పై డాలర్ల లోపే అయింది.

ఆ అమ్మాయి కాగితాలన్నీ సర్ది, మూలన పిన్ను కొట్టి, ఆఖరి పేజీ మీద ముద్ర వేసి, డెప్యూటీ క్లర్కుగా సంతకం పెట్టింది. తర్వాత ఇనుప చెయ్యి లాంటి దాంట్లో కాగితం పెట్టి నొక్కింది. కటుక్కుమంది. దాని మీద వేలు పెడితే గుండ్రంగా, గరుగ్గా తగిలింది. పదిహేనేళ్ళ తర్వాత ఆ కాగితం నా చేతికొచ్చింది. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. పార్కింగ్ మీటరు అయిపోతుందని పరిగెత్తాను.

ఇక్కడొక మాట. టెక్సాస్‌లో ఈ ఫైళ్ళు బహిరంగమే. కోర్టు ప్రత్యేకంగా సీలు చేస్తే తప్ప ఎవరైనా అడగొచ్చు. మీ పక్కింటావిడ కూడా. ఫ్లయర్ మీద దాచారు గానీ తమ్ముడూ, పేజీకి డాలరు కడితే కౌంటీ వాళ్ళు కాపీ తీసి మరీ ఇస్తారు! న్యూయార్క్‌లో అలా కాదు, అక్కడ విడాకుల ఫైలు ఆ ఇద్దరికీ, వాళ్ళ లాయర్లకే చూపిస్తారు, లేదంటే కోర్టు ఆర్డరు ఉండాలి. ఇంకో సంగతి, అక్కడ విడాకులిచ్చే కోర్టు పేరే సుప్రీంకోర్టు. మన వాళ్ళొకాయన ఊళ్ళో ‘మా అబ్బాయి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది’ అని చెప్పుకున్నాడట. నాయనా, అక్కడ అది మొదటి మెట్టు, కౌంటీలోనే ఉంటుంది. కాలిఫోర్నియా వాళ్ళు మీ కౌంటీ సుపీరియర్ కోర్టుకే వెళ్ళాలి. శాక్రమెంటోలో రాష్ట్రం దగ్గర 1962 నుంచి 1984 జూన్ దాకా జరిగిన వాటికే సర్టిఫికెట్ దొరుకుతుంది, అదీ డిక్రీ కాదు.

టైమైపోతోందని చెయ్యి ఊపుతున్నారు. పిన్ను సంగతి చెప్పకుండా దిగను.

ఇండియాలో వాడాలంటే ఇంకో మెట్టుంది, అపోస్టిల్. ఒక దేశం కాగితం ఇంకో దేశంలో ఒప్పుకునేలా ఇచ్చే ధ్రువీకరణ. 1961లో హేగ్‌లో కుదిరిన ఒప్పందం. అమెరికాలో 1981 నుంచి, మన దేశంలో 2005 జులై నుంచి అమల్లో ఉంది. టెక్సాస్ కాగితానికి అది ఇచ్చేది ఆస్టిన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు, 15 డాలర్లు. డిక్రీకి పైన ఒక కాగితం చేర్చి అన్నీ కలిపి పిన్ను కొట్టి ఇస్తారు. దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని హైదరాబాద్ దాకా ఎగిరాను. అక్కడి నుంచి తెనాలి. లాయరుగారికి ఇచ్చే ముందు నాకో కాపీ ఉంచుకుందామని జిరాక్స్ షాపుకి వెళ్ళాను.

షాపులో కుర్రాడికి పద్దెనిమిదేళ్ళుండవు. చెవిలో ఇయర్‌ఫోను. నేను పర్సులోంచి చిల్లర తీసేలోపల వాడు పిన్ రిమూవర్ తీశాడు. టక్. పిన్ను బల్ల మీద పడింది. ఇరవై మూడు కాగితాలూ పేకముక్కల్లా సర్ది మిషన్లో పెట్టేశాడు. ‘నీట్‌గా వచ్చింది మేడమ్’ అని తన స్టాప్లరుతో మళ్ళీ పిన్ను కొట్టి, ఒక పక్కగా తిప్పి చూసి, ఇంకోటి కూడా కొట్టి ఇచ్చాడు. భద్రంగా ఉంటుందని.

లాయరుగారు కాగితం కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. మూలన రెండుండాల్సిన రంధ్రాలు ఆరున్నాయి. ‘ఇది విప్పారమ్మా’ అన్నారు. లోపలి పేజీ ఎవరైనా మార్చి ఉండొచ్చు కదా, అది ఆయన మాట. క్లర్కు పూచీ పడింది ఆ పిన్ను కింద ఉన్న కట్టకి. పిన్ను పోతే ఏ పేజీ ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు. మళ్ళీ మెకిన్నీ, మళ్ళీ ఆస్టిన్, మళ్ళీ తెనాలి టికెట్టు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఎక్స్‌ట్రా పిన్నుకి డబ్బులు కూడా తీసుకోలేదు.

లాయరుగారిది చాదస్తం అనుకుంటున్నారా? నేనూ అనుకున్నాను. అప్పుడాయనే ఒక కేసు చెప్పారు. 1975లో తిరుపతిలో పెళ్ళయిన మన తెలుగు జంటే. పేర్లు చెప్పను, లాయర్లందరికీ నోటికొచ్చు. భర్త 1980లో మిస్సోరీలోని సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో విడాకులు తీసుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య రెండో పెళ్ళి కేసు పెట్టింది. మేజిస్ట్రేటు ఆ డిక్రీ ఫొటోస్టాట్ చూసి అతన్ని వదిలేశాడు. ఫొటోస్టాట్ సాక్ష్యం కాదు పొమ్మంది హైకోర్టు. 1991 జులైలో సుప్రీంకోర్టు ఏమందంటే, డెప్యూటీ క్లర్కు సర్టిఫై చేశాడు కాబట్టి ఫొటోస్టాట్ అన్నంత మాత్రాన తప్పులేదు, కానీ అమెరికాలో ఉన్న భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ దాని మీద లేదు, అందుకని చెల్లదు. సెయింట్ లూయిస్ నుంచి యాదగిరిగుట్ట దాకా వచ్చిన కాగితం ఒక్క ముద్ర తక్కువై ఆగింది. ఇప్పుడైతే అపోస్టిల్ ఉంది.

ఆ తీర్పులో దానికంటే పెద్ద మాట ఇంకోటుంది. హిందూ వివాహ చట్టం కింద పెళ్ళయి, ఆ చట్టంలో లేని కారణంతో, భార్య ఒప్పుకోకుండా, కేసుకి హాజరు కాకుండా ఇక్కడ తెచ్చుకున్న విడాకులు అక్కడ చెల్లవు. ఎన్ని ముద్రలున్నా చెల్లవు. ఇక్కడికి వచ్చి కొన్ని నెలలుండి డిక్రీ పట్టుకుని, ఊళ్ళో ఉన్న భార్యకి వాట్సాప్‌లో పంపే మగపిల్లలు ఇప్పటికీ ఉన్నారు. మీలో ఎవరింట్లోనైనా ఉంటే, ఆ అమ్మాయికి ముందు లాయర్ని చూపించండి.

ఇంకొక్కటి, అప్పుడే లేవకండి. పెళ్ళి పదేళ్ళు నిలిచాక విడాకులైతే, మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉన్నవాళ్ళకి 62 నిండాక మాజీ భర్త రికార్డు మీద సోషల్ సెక్యూరిటీ, అంటే ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే పెన్షను, రావడానికి అవకాశం ఉంది. ఆయన వాటా తగ్గదు, ఆయన్ని అడగక్కర్లేదు. అడిగేది డిక్రీనే. మా గుడిలో ఒకావిడ పదకొండేళ్ళ కాపురం చేసింది. ఆ సంగతి ఆవిడకి 66 ఏళ్ళకి తెలిసింది, అదీ ప్రసాదం వరసలో నేను నోరు జారితే. అన్నేళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఆవిడ ముందు ఆ మాట ఎత్తకూడదని. మర్యాద!

సరే, దిగుతున్నాను. నా కాగితం తెచ్చాను, ఇదిగో. రెండోసారి తెచ్చుకున్నప్పుడు మూడు కాపీలు తీసుకున్నాను, ఇది అందులో మిగిలింది. ముందు వరస నుంచి ఇస్తున్నాను, ఒకరి తర్వాత ఒకరు చూడండి. మొదటి పేజీ చదవకండి, అది నా సొంత గోల. ఆఖరి పేజీ తిప్పి, కింద ఎడమ పక్కన వేలు పెట్టండి, గరుగ్గా తగుల్తుంది. తమ్ముడూ, నువ్వు కూడా. వెనక వరస దాకా వెళ్ళి మళ్ళీ నా చేతికి రావాలి. ఎవరూ ఫోటో కోసం పేజీలు విడదీయకండి. అమ్మా, నీలం చీర, నీకే చెప్తున్నాను, ఆ పిన్ను దగ్గర్నుంచి గోరు తియ్యి.