అత్తగారు సరే అన్నారు, మావారే వద్దంటున్నారు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ ఆదివారం మన విషయం పడవ ప్రయాణం. గోదావరి మీద ముప్పై ఏళ్లు లాంచీ నడిపిన సరంగు గారు మనతో ఉన్నారు. ఇప్పుడు తిరుపతిలో కూతురి ఇంట్లో ఉంటున్నారు. సార్, మా స్వర్ణముఖిని చూశారా?

సరంగు: రోజూ వంతెన దాటుతూనే ఉన్నానండి. ఇసుక బాగుంది.

వ్యాఖ్యాత: (నవ్వు) మొదటి ఫోను చిత్తూరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం సార్. మా నీవా నదిలోనూ మీరు చెప్పిన ఇసుకే. అందుకే దసరా సెలవుల్లో పాపికొండలు చూడాలనుకున్నాం. మేమిద్దరం, నాలుగేళ్ల పాప, డెబ్బై రెండేళ్ల అత్తగారు. ఆవిడ 2015 పుష్కరాలకే వెళ్లాలనుకుని మోకాళ్ల నొప్పులతో ఆగిపోయారు. ఇప్పుడు ఆవిడే ముందు బయలుదేరుతున్నారు. మావారు మాత్రం కచ్చులూరు పేరెత్తి వద్దంటున్నారు.

సరంగు: మీవారి భయాన్ని తీసిపారేయకండమ్మా. 2019 సెప్టెంబర్ 15న, గోదావరి సుమారు 5 లక్షల క్యూసెక్కులతో పారుతుంటే లాంచీ వెళ్లి కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. కొండల మధ్య నది ఇరుకవుతుంది. మైదానంలో పరుచుకుని పారే నీరంతా అక్కడ ఒక సందులోకి దూరాలి. ఒడ్డు నుంచి చూస్తే నున్నగా కనిపిస్తుంది, అడుగున సుడి ఉంటుంది. ఆ నీటిలో ఇంజను ఎంత గట్టిదైనా సరంగు మాట వినదు.

శ్రోత: అయితే మానుకోమంటారా?

సరంగు: మానుకోవద్దు, దసరాను మార్చండి. ఆ రోజుల్లో వరద పూర్తిగా తగ్గిందన్న నమ్మకం ఉండదు. నీళ్లు పెరిగితే లాంచీలు ఆపేస్తారు, రైలు టికెట్టు వృథా. సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి. ఎండ ఉండదు, నీరు నిలకడగా ఉంటుంది.

వ్యాఖ్యాత: అంటే వరద లేకపోతే భయం లేనట్టేనా?

సరంగు: అదే పొరపాటండి. 2017 నవంబర్‌లో కృష్ణలో, పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడింది. అప్పుడు వరద లేదు, ఎక్కకూడనంత మంది ఎక్కారు. 2018 మే నెలలో మా గోదావరి మీదే, మంటూరు దగ్గర గాలివాన. జల్లు పడుతోందని తలుపులు, కిటికీలు మూసుకున్నారు, లాంచీ మునిగితే బయటికి రాలేకపోయారు. అందుకే ఎక్కగానే ఏసీ గది వెతుక్కోకుండా తలుపు దగ్గర కుర్చీ వెతుక్కోండి. ఇంకొకటి, కొండలు దగ్గరపడగానే అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే వైపు పరుగెత్తుతారు. నేను హారన్ కొట్టి కూర్చోబెట్టేవాణ్ణి, నన్ను తిట్టుకునేవారు. మీరు కూర్చునే చూడండి, కొండలు ఎక్కడికీ పోవు.

శ్రోత: పాప సంగతి?

సరంగు: పెద్దవాళ్ల లైఫ్ జాకెట్ పిల్లకు తగిలించి ముడి వేస్తారు, అది ఒప్పుకోవద్దు. నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది. చిన్న కొలతది, కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చేది అడగండి. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే వదులన్నట్టే. చిత్తూరులోనే కొని తీసుకెళ్తే ఇంకా నయం. ఉక్కపోస్తుందని, భోజనానికని విప్పి ఒళ్లో పెట్టుకోకూడదు. ఒళ్లో ఉన్న జాకెట్‌తో ఎవరూ తేలరమ్మా.

వ్యాఖ్యాత: చిత్తూరు నుంచి రైలు ఉంది కదా?

సరంగు: శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, రాత్రంతా ప్రయాణం. దిగిన రోజే లాంచీ ఎక్కకుండా ఒక రోజు రాజమహేంద్రవరంలో ఆగండి. పోలవరం దగ్గర ప్రాజెక్టు పనుల కోసం ఎగువ కాఫర్ డ్యామ్ అనే అడ్డుకట్ట వచ్చాక నది అక్కడ మూసుకుపోయింది. ఇప్పుడు బస్సులో గండిపోచమ్మ గుడి దాకా వెళ్లి అక్కడ లాంచీ ఎక్కాలి. రేవు వాలుగా ఉంటుంది, లాంచీకి బల్ల వేస్తారు. అత్తగారికి అదే కష్టం. సిబ్బందిలో ఒకరిని ముందే అడిగి చేయి పట్టించండి. దారిలో లాంచీ ఆగే పేరంటాలపల్లిలో ఎక్కుడు ఉంది. ఆవిడ లాంచీలోనే కూర్చుంటే మంచిది, ఆ గంటసేపైనా మైకులో పాటలు ఆగుతాయి.

వ్యాఖ్యాత: పాటలంటే ఇష్టం లేదా?

సరంగు: ఆ కొండల్లో నీటి చప్పుడు వినాలండి. వాటిని ఒకప్పుడు పాపిడి కొండలనేవారని మా పెద్దలు చెప్పేవారు. తల మధ్య పాపిడి తీసినట్టు నది వెళ్తుంది. అక్కడ డ్యాన్సు పాటలు పెడతారు. సరే, పోనివ్వండి.

వ్యాఖ్యాత: అమ్మా, లైనులోనే ఉండండి. శ్రీకాళహస్తి నుంచి ఒక శ్రోత.

శ్రోత 2: అంత దూరం వెళ్లలేమండి. ఒక్క రోజులో వెళ్లి రావడానికి దగ్గరలో ఏదైనా ఉందా?

సరంగు: పులికాట్ ఉంది కదా. సూళ్లూరుపేట మీదుగా భీములవారిపాలెం వెళ్తే పడవలు దొరుకుతాయి. అది నది కాదు, ఉప్పుకయ్య, అంటే ఉప్పునీటి సరస్సు. చాలా చోట్ల లోతు తక్కువ. చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి, దారిలోనే నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. ఎండాకాలం వెళ్తే బురద చూసి వస్తారు. లోతు తక్కువని జాకెట్ మానవద్దు. బురదలో కాలు దిగబడితే ఈత వచ్చినవాడికీ కష్టమే.

వ్యాఖ్యాత: మళ్లీ చిత్తూరు. అమ్మా, మీవారు విన్నారా?

శ్రోత: పక్కనే ఉండి విన్నారు. సంక్రాంతి అంటే ఆలోచిద్దాం అంటున్నారు. సార్, మా అత్తగారు ఒక మాట అడుగుతారట.

అత్తగారు: నాయనా, పట్టుచీర మీద కూడా ఆ జాకెట్ వేసుకోవాలా?

సరంగు: వేసుకోవాలమ్మా. కొంగు లోపలికి దోపుకుని దాని మీద బిగించుకోండి, ఏ మేకుకూ తగులుకోకుండా ఉంటుంది.

అత్తగారు: అయితే ఫొటోలో చీర కనిపించదు.

సరంగు: ముందు రోజు సాయంత్రం పుష్కర ఘాట్‌లో తీయించుకోండమ్మా. వెనకాల గోదావరి, వంతెన కూడా పడతాయి.