విమానాలు కట్టిన ఊరే విమానాశ్రయాన్ని ఎందుకు వద్దంటోంది?

[దృశ్యం: ఆకాశం నుంచి. కిక్కిరిసిన ఇళ్ల కప్పుల మధ్య ఒకే ఒక రన్‌వే.]

ఇది అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌ను ఆనుకుని ఉన్న శాంటా మోనికా. ఇళ్ల మధ్య ఆ బూడిదరంగు గీత నగరపాలక సంస్థ సొంత విమానాశ్రయం. మొత్తం 227 ఎకరాలు. పెద్ద ప్రయాణికుల విమానాలు ఇక్కడికి రావు. విమానం నడపడం నేర్చుకునేవారు, సొంత చిన్న విమానం ఉన్నవారు, వ్యాపార జెట్లలో తిరిగేవారు దీన్ని వాడుకుంటారు. ఈ తరహా ప్రయాణాలనే జనరల్ ఏవియేషన్ అంటారు.

2028 డిసెంబరు 31 దాటితే దీన్ని మూసివేసే హక్కు నగరానికి వస్తుంది. తన స్థలం తాను మూసుకోవడానికి ఒక నగరం అన్నేళ్లు ఎందుకు ఆగాల్సి వచ్చింది?

[దృశ్యం: పాత నలుపు తెలుపు ఫొటోలు. రెండు రెక్కల విమానాలు.]

మొదట్లో దీని పేరు క్లోవర్ ఫీల్డ్. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన గ్రేయర్ క్లోవర్ అనే యువ పైలట్ పేరు అది. 1924 మార్చి 17న నాలుగు డగ్లస్ విమానాలు ఇక్కడి నుంచి సియాటిల్‌కు ఎగిరాయి. అక్కడి నుంచి ఏప్రిల్ 6న భూగోళాన్ని చుట్టి రావడానికి బయలుదేరాయి. సెప్టెంబరు 28న రెండు విమానాలు తిరిగొచ్చాయి. మనిషి విమానంలో భూమిని చుట్టి రావడం అదే మొదటిసారి.

ఆ విమానాలు తయారుచేసిన డొనాల్డ్ డగ్లస్ తన కర్మాగారాన్ని ఈ మైదానం పక్కకే తెచ్చాడు. 1935 డిసెంబరు 17న డీసీ-3 మొదటిసారి ఎగిరింది ఈ రన్‌వే మీదే. ఆ పేరు తెలియకపోయినా డకోటా అంటే మన పెద్దవాళ్లకు వెంటనే తెలుస్తుంది. హైదరాబాదు బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలు ఈ వంశంలోవే.

[దృశ్యం: యుద్ధకాలం నాటి కర్మాగారం. పైన వలలు, బొమ్మ ఇళ్లు.]

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బాంబు దాడులు చేస్తుందన్న భయంతో కర్మాగారం మీద వలలు కప్పి, వాటిపై ఉత్తుత్తి ఇళ్లు, ఉత్తుత్తి చెట్లు నిలబెట్టారు. పైనుంచి చూస్తే అదొక మామూలు పేట.

అసలైన పేట కూడా పక్కనే పెరుగుతోంది. వేలాదిమంది డగ్లస్ కార్మికులకు ఇళ్లు కావాలి కదా! ఆ ఇళ్లు రన్‌వేకు దగ్గరగా వచ్చి చేరాయి. నా దృష్టిలో ఈ కథకు కీలకం ఇదే. జెట్ యుగం వచ్చాక, డీసీ-8 కోసం రన్‌వే పొడిగించాలని డగ్లస్ కోరితే ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు. ఆ జెట్ల తయారీ లాంగ్ బీచ్‌కు వెళ్లిపోయింది. విమానాశ్రయం మాత్రం ఇక్కడే మిగిలింది.

[దృశ్యం: ఇంటి పెరడు. తల మీదుగా వెళ్తున్న చిన్న విమానం.]

స్థానికుల బాధ నిజమైనదే. చెవులు దద్దరిల్లే జెట్ల మోత ఒకటి. పిస్టన్ ఇంజిన్ విమానాలు వాడే పెట్రోలులో సీసం ఉండటం మరొకటి. పిల్లలున్న ఇంటివారికి అది చిన్న విషయం కాదు.

మరి మూసేయవచ్చు కదా? ముడి ఇక్కడే ఉంది. యుద్ధకాలంలో కేంద్ర ప్రభుత్వం ఈ స్థలాన్ని లీజుకు తీసుకుంది. 1948లో తిరిగి ఇచ్చేటప్పుడు, ఇది విమానాశ్రయంగానే కొనసాగాలని షరతు పెట్టింది. ఆ తర్వాత నగరం తీసుకున్న కేంద్ర నిధులకూ షరతులున్నాయి. అంటే భూమి నగరానిదే, దాన్ని ఏం చేయాలన్న నిర్ణయం మాత్రం పూర్తిగా నగరానిది కాదు. ఈ వివాదం దశాబ్దాల పాటు కోర్టుల్లో నలిగింది.

2014లో ఓటర్లు తమ మాట చెప్పారు: విమానాశ్రయం మూతపడితే ఆ నేలలో పార్కులు, ఆటస్థలాలే రావాలి, అంతకు మించి ఏం కట్టాలన్నా ముందు తమ అనుమతి కావాలి. 2017 జనవరిలో కేంద్ర విమానయాన సంస్థతో రాజీ కుదిరింది. నగరం 2028 చివరి వరకు నడపాలి. బదులుగా రన్‌వేను వెంటనే కుదించుకోవచ్చు. ఆ ఏడాది డిసెంబరుకల్లా 4,973 అడుగుల రన్‌వే 3,500 అడుగులైంది. పెద్ద జెట్లకు అది చాలదు.

పచ్చని పార్కు కోరడం న్యాయమేనని నేను నమ్ముతాను. అయినా, డీసీ-3 మొదట నేల విడిచిన చోటు ఏదో ఆ పార్కులో నడిచే పిల్లలకు కనిపించేలా గుర్తు పెట్టాలి.

[దృశ్యం: విమానాశ్రయం ఆవరణలో దిమ్మె మీద నిలిపిన డీసీ-3. దాని వెనక, శిక్షణ విమానం ఒకటి ఇళ్ల మీదుగా పైకి లేస్తుంది.]