నెల తిరిగేసరికి

శ్రోతలందరికీ నమస్కారం. మాది కోనసీమలో పంటకాలువ చివరనున్న చిన్న ఊరు. కాలువ చివర అన్నానంటే సేద్యం తెలిసినవాళ్ళకి సగం కథ అర్థమైపోయే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్ళు మా బోదెలోకి అందరికంటే ఆఖర్న వస్తాయి. ముంపు మాత్రం ముందు మాకే.

1978లో, పద్దెనిమిదో ఏట, బెంగుళూరు వెళ్ళి మద్రాస్ సాపర్స్‌లో చేరాను. సైన్యంలో వంతెనలు కట్టేదీ, మందుపాతరలు ఏరేదీ మేమే. పంజాబు, రాజస్థాన్, 1987 తరవాత కొన్నాళ్ళు శ్రీలంక. ఆ కబుర్లు మా చుట్టాల పెళ్ళిళ్ళలో అరిగిపోయాయి, ఇవాళ వదిలేద్దాం. జవానుకి పెన్షన్ రావాలంటే పదిహేనేళ్ళ సర్వీసు ఉండాలి. నేను పదిహేడేళ్ళు చేసి, 1995లో ట్రంకు పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాను.

ఊళ్ళో నాకు మిలిటరీ రైతు అని పేరు పెట్టేశారు. అందులో రైతు అన్నమాట అబద్ధం. పెళ్ళయిన నాటినుంచీ మా మూడెకరాలూ చూసుకున్నది మా ఆవిడే. ఆకుమడి ఎప్పుడు పొయ్యాలి, దమ్ముకి ఎవర్ని పిలవాలి, అన్నీ ఆవిడకే తెలుసు. నేను సెలవులకొచ్చి గట్టు మీద నిలబడి వెళ్ళేవాణ్ణి.

ఆ ఏడు సార్వా, అంటే వానాకాలం వరి, ఊడ్పులయిన నాలుగో రోజున మడిలో నీళ్ళు నిలవడం లేదు. నేను గట్టు పొడుగునా రెండుసార్లు నడిచొచ్చి, ఎక్కడా గండి లేదని రిపోర్టు ఇచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. ఒక గుప్పెడు ఊక తెచ్చి గట్టువారనే నీళ్ళ మీద చల్లుకుంటూ వెళ్ళింది. ఊక కాసేపు కదలకుండా తేలింది. ఒక్కచోట మాత్రం మెల్లగా సుడి తిరిగి లోపలికి జారిపోయింది. "అదిగోనండి, పీత బొక్క" అంటూ మడమతో తొక్కి, గడ్డి కుక్కి, బురద ముద్ద వేసి మళ్ళీ తొక్కింది. నేలలో పాతిన మందుపాతర వెతికి తీసినవాడికి పీత బొక్క కనబడలేదు!

మరుసటేడు, 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే మా దొడ్లో పద్దెనిమిది కొబ్బరిచెట్లకి నాలుగు నిలబడున్నాయి. వరి నేలకి అంటుకుపోయి ఉంది. మళ్ళీ కొబ్బరి పెట్టి కాయ కళ్ళజూడాలంటే అయిదారేళ్ళు. నాకు నెల తిరిగేసరికి పెన్షన్ పడింది. మా పక్క చేను కౌలుకి చేసే అబ్బాయి నాకంటే మంచి సేద్యగాడు. ఆ సంక్రాంతికి హైదరాబాదులో వాచ్‌మన్‌గా ఉన్నాడు.

1965లో శాస్త్రిగారు జై జవాన్, జై కిసాన్ అన్నారు. ఆగస్టు పదిహేనుకి బడికి పిలిచి, ఆ రెండూ మీరేనండీ అని దండ వేస్తారు. సిగ్గుగా ఉంటుంది. మా ఇంట్లో జవాను సంపాదిస్తే కిసాను తింటున్నాడు. యూరియాకీ, కోత కూలికీ నా పెన్షనే.

2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించారు. డ్రెయిన్లు పూడిపోయి ముంపు, కూలీలు దొరక్కపోవడం, పెట్టుబడి కూడా రాని ధర. కాపలా పోస్టు వదలకూడదని నేర్చుకున్నవాణ్ణి, నాకు మనసొప్పలేదు. "ఇది పోస్టు కాదండీ, చేను. మీకైతే పెన్షనుంది, ఊళ్ళో ఎంతమందికుంది?" అంది మా ఆవిడ. ఆ సార్వాకి మా చేలో గడ్డి మొలిచింది.

ఆ పెన్షను ఆగకుండా ఏటా నవంబరులో బతికే ఉన్నానని వేలిముద్ర వేసి రావాలి. సరిగ్గా కోతల రోజులు. కిందటేడు బొటనవేలు పెడితే మిషను ఒప్పుకోలేదు. చూపుడు వేలూ అంతే. పార పట్టి పట్టి గీతలు అరిగిపోయాయి. కౌంటర్లో అమ్మాయి తడిగుడ్డ ఇచ్చింది, తుడుచుకుని మళ్ళీ పెట్టాను. చివరికి ఎడమచేతి ఉంగరం వేలితో బతికాను.

బయటికొస్తే మా ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడుంది. "కోత మిషను మన గట్టు దగ్గరికొచ్చేసిందంట. అటు మబ్బేస్తోంది, బండి తియ్యండి."